కండెల కూలి

"నాలుగు కండెలు చుట్టేది కూడా ఒక పనేనా మే?" అని దొరస్వామి అన్న రోజు కోకిలకు బాగా గుర్తు. కోపంగా కూడా అనలేదతను. సంగటి ముద్ద పులుసులో అద్దుకుంటూ నవ్వుతూ అన్నాడు. ఆ వారం లుంగీలు నేసిన కూలి తెచ్చి, తన బీడీలకూ టీ కొట్టు బాకీకీ తీసుకుని, మిగిలింది ఆమె చేతిలో పోశాడు. "ఇది ఇంటికి. నా కూలి యాడ?" అని ఆమె ఊరికే అడిగింది. దానికి జవాబు అది. మూలన రాట్నం ముందు కూర్చున్న అత్త తిరుమలమ్మ తల ఎత్తలేదు. రాట్నం మాత్రం ఒక్క క్షణం ఆగి మళ్ళీ తిరిగింది.

అత్తిమంజేరిపేటలో ఆ వీధంతా నేతవాళ్ళ ఇళ్ళే. మగ్గం మీద కూర్చునేది మగవాడు. పోగును అటూ ఇటూ నడిపే అతని నాడెలోకి నూలు కండెలు చుట్టి అందించేది ఆడవాళ్ళు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే చుట్టాలి, బిడ్డకు పాలిస్తూ చుట్టాలి, జ్వరమొచ్చినా చుట్టాలి. నూలిచ్చి నేయించుకునే ముదలాళి పచ్చయ్యప్ప శనివారం వచ్చి లుంగీలు కొలుచుకుని, నేసినవాడి చేతిలో డబ్బు పెట్టి పోతాడు. ఆ లుంగీలో అడ్డం పోగంతా కోకిల వేళ్ళ మీదుగా పోయిందే. అయినా ముదలాళికి ఆమె పేరు కూడా తెలియదు. "దొరస్వామి సంసారం" అంటాడు.

మధ్యాహ్నం పూట పక్కింటి కన్నియమ్మకు కోకిల కండెలు చుట్టిపెట్టడం అప్పుడే మొదలుపెట్టింది. కన్నియమ్మ ఇంట్లో రెండు మగ్గాలున్నాయి, చుట్టేవాళ్ళు లేరు. అందుకని కూలి ఇచ్చేది. చిత్రం! అదే రాట్నం, అవే వేళ్ళు. గోడకు అటువైపు చుడితే పని, ఇటువైపు చుడితే పని కాదు. మొదటి కూలి తెచ్చిన రోజు దొరస్వామి మామూలుగా చెయ్యి చాచాడు. ఏం చెప్పాలో తోచక కోకిల, "ఇది తిరుత్తణి సామికి ముడుపు" అనేసింది. చాచిన చెయ్యి వెనక్కి పోయింది. పైగా ఆ చెయ్యి లెంపలు కూడా వేసుకుంది.

ఆ మాట ఆమెది కాదు, అమ్మది. పెళ్ళయి ఇటు వచ్చేటప్పుడు తిరుత్తణి బస్టాండులో అమ్మ ఒక పసుపు గుడ్డలో చిల్లర కట్టి చేతిలో పెట్టింది. "దీన్ని డబ్బని ఎవురికీ చెప్పొద్దు పాపా. సామిది అను. సామిదంటే ఎవురూ తాకరు" అంది. బస్సు కదిలాక కిటికీ పట్టుకుని కాస్త దూరం నడిచింది. ఏదో చెప్పబోయింది. మోతలో వినపడలేదు. అదే చివరి చూపు. ఆ వానల్లోనే అమ్మ పోయింది. ఇప్పటికీ ఏ బస్సు కదిలినా కోకిల కిటికీల వైపే చూస్తుంది.

కానీ దేవుడి పేరు చెప్పి దాచుకోవడం అంటే భయం కాదా? బిడ్డకు ఒళ్ళు వెచ్చబడితే చాలు, సామికి కోపం వచ్చిందనుకునేది. చివరికి సామి నక్షత్రమైన కృత్తిక నాడు కొండెక్కి, గర్భగుడి ముందు నిలబడి ఒప్పందం చేసుకుంది. "సామీ, చిల్లరంతా నీది. నోట్లు నావి. నీదాంట్లో నేను చెయ్యి పెట్టను. నా దాన్ని నువ్వే కాపాడల్ల." హారతి కళ్ళకద్దుకుంటుంటే సామి ఒప్పుకున్నట్టే అనిపించింది.

నోట్లను పనిలో పెట్టే దారి అరవం కలిపి మాట్లాడే కన్నియమ్మ చూపించింది. "ఎన్నడీ, గుడ్డలో కట్టిపెడితే పిల్లలు పెడతాయా? పోస్టాఫీసులో వేసుకో, నెలనెలా కట్టు, అయిదేండ్లకి వడ్డీతో ఇస్తారు" అంది. అది ఎమర్జెన్సీ పోయి ఎలక్షన్లు జరిగిన సంవత్సరం. తిరుత్తణి పోస్టాఫీసులో గుమాస్తా, "ఎవరి పేరు మీదమ్మా?" అని అడిగితే కోకిల వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అడిగాడేమోనని. ఎవరూ లేరు. "నా పేరు మీదే" అంది. నెలనెలా కృత్తికకు కొండకు పోవడం, దిగి వస్తూ కట్టి రావడం. ఇంట్లో దూలానికి వేలాడే పసుపు మూట సామి చిల్లరతో బరువెక్కుతూనే ఉంది. "నా సంసారానికి భక్తి జాస్తి" అని దొరస్వామి వీధిలో గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ మధ్యలో మామ పోయాడు. ఆయన మగ్గాన్ని వీధి చివరి గోపాలన్‌కు అమ్మి, ఆ డబ్బు మరిది జయరామ మణవాళనగర్‌లో కాపురం పెట్టుకోవడానికి ఇచ్చారు. ఆ మగ్గానికి బతుకంతా కండెలు చుట్టిన తిరుమలమ్మను ఎవరూ ఒక్క మాట అడగలేదు. నేసేవాడు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంత ఖాళీ అయితే దాని మీద పలకలు పరిచారు. వాటి మీదే ఆమె చాప వేసుకుని పడుకునేది. మనిషి పక్క మీద పడుకున్నట్టుండేది కాదు, తన పనిని పాతిపెట్టిన చోట కాపలా కాస్తున్నట్టుండేది. కోకిల అది చూసేది. పెళ్ళికి ముందు పుట్టింట్లో అన్నల మగ్గం మీద తను దొంగతనంగా నేర్చుకున్న నేత వేళ్ళల్లో మెదిలేది. ఆ గుంతలోకి ఆ మగ్గాన్నే తిరిగి తేవాలని ఎప్పుడు అనుకుందో గానీ, ఇక వేరే ఆలోచన లేదు.

పోస్టాఫీసు గడువుకు ఇంకా రెండు నెలలున్నాయనగా జయరామ ఒక ఆదివారం వచ్చాడు. తిరువళ్ళూరులో గుడ్డల అంగడి, భాగస్తుడిగా చేరితే జన్మలో వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదట. అన్నం తింటూనే అతని చూపు దూలం మీదికి పోయింది.

"అన్నా, సామి డబ్బు ఊరికే వేలాడతా ఉండాది గదా. అప్పుగా తీసుకుందాం. మళ్ళా వడ్డీతో హుండీలో వేసేస్తే సామి వద్దంటాడా?"

"సామిది రా..." అని దొరస్వామి నసిగాడు.

"కర్పూరం వెలిగించి అడిగి తీసుకో అన్నా."

కర్పూరం వెలిగింది. కోకిల రాట్నం ముందు నుంచి లేవలేదు. చక్రాన్నీ ఆపలేదు. ఆపితే ఏడుస్తానని ఆమెకు తెలుసు. దొరస్వామి లెంపలు వేసుకుని మూట విప్పాడు. పైసలు, అయిదు పైసలు, పది పైసలు నేలంతా దొర్లాయి. ఒక్క నోటు లేదు.

"నోట్లు యాడ మే?"

"పనికి పొయినాయి."

"ఏం పనికి?"

"పోస్టాఫీసుకి. అయిదేండ్లుగా పని చేస్తాండాయి. నాకు ఇయ్యకపొయినా వాటికి కూలి ఇస్తారు ఆడ."

"సామి పేరు చెప్పి మోసం చేస్తివా!"

"సామిది సామికే ఉండాది, ఇదో. పైసా తగ్గలా. అది తీసుకోని అంగడి పెడతామంటిరే, దాన్నేమంటారు?"

జయరామ గొంతు మెత్తబడింది. "వదినా, పరాయివాళ్ళమా? ఒక సంతకం పెడితే..."

"పెడతా. నా సంతకం లేకుండా ఎవురికీ రాదు. మీ నాయన మగ్గం కొనేదానికి పెడతా."

అప్పుడు మూల నుంచి తిరుమలమ్మ గొంతు వినపడింది. "ఏం చూస్తా నిలబడినారు? సామి డబ్బు కాళ్ళ కింద పడుండాది. ఏరండి ఇద్దురూ."

అన్నదమ్ములిద్దరూ మోకాళ్ళ మీద వంగి ఏరారు. ఒక పది పైసలు దొర్లి పలకల సందులోంచి మగ్గం గుంతలోకి పోయింది. "అది ఉండనీ" అంది ముసలామె. "పలకలు తీసినప్పుడు దొరుకుతుంది."

ఆడి నెల కృత్తికకు చిల్లరంతా కొండ మీద హుండీలో పోసి, ఖాళీ గుడ్డ మడిచి నడుముకు దోపుకుంది కోకిల. గడువు తీరింది, గోపాలన్ దగ్గరి నుంచి మగ్గం వచ్చింది. దొరస్వామి వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు, ఆమె పడుగు బిగించడం పక్క మగ్గం నుంచి చూసి చూసి ఉండబట్టలేక, "అట్లనా మే కట్టేది? జరుగు" అంటూ లేచి వచ్చాడు. "చెప్పు, నేనే కడతా" అంది. చెప్పాడు. ఆమే కట్టింది.

మొదటి శనివారం పచ్చయ్యప్ప రెండు మగ్గాల లుంగీలూ కొలిచి, అలవాటుగా డబ్బంతా దొరస్వామి వైపు చాచాడు. మధ్యలోకి కోకిల చెయ్యి వచ్చింది. "నాది నాకు ఇయ్యండి అన్నా. నా పేరు కోకిల." ముదలాళి దొరస్వామి ముఖం చూశాడు. దొరస్వామి బీడీ వెలిగించుకుంటూ, "ఆమె నేసింది, ఆమెకే ఇయ్యి" అన్నాడు.

ఆ డబ్బులోంచి లెక్క చూసి కొంత తీసి, రాట్నం దగ్గరికి పోయి తిరుమలమ్మ అరచేతిలో పెట్టింది కోకిల.

"ఏంది ఇది?"

"నా మగ్గానికి కండెలు చుట్టినావు గదత్తా. కూలి."

"ఎవురికి?"

"నీకే."

ముసలామె ఆ నోట్లను అటూ ఇటూ తిప్పి చూసింది. కొంగున ముడి వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది. ఇక ముద్దుగా ఏదైనా అంటుందేమోనని కోకిల నిలబడింది. తిరుమలమ్మ కొడుకు వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించి అంది:

"ఆ పసుపు గుడ్డలో ఒక ముక్క చింపియ్యి మే. వాడు ఇటు తిరిగేలోపల."

నడుముకు దోపుకున్న గుడ్డ బయటికి తీసింది కోకిల. అమ్మ ఇచ్చిన గుడ్డ. సరిగ్గా సగానికి చింపింది.