రెండో మెరుపు

"అద్దాలు తుడిచే ఉద్యోగానికి ఒక్కరోజు సెలవు పెడితే కొంప మునిగిపోతుందా?" అన్నాడు భర్త, చొక్కా చేతులు మడుచుకుంటూ. అత్తగారిని కళ్ళ డాక్టరుకి చూపించాలి. భార్య సబ్బు చేతులతో గిన్నెల ముందు నిలబడి ఉంది. తను చేసిన లేజర్‌ను చూడ్డానికి ఇవాళ కొనేవాళ్ళు వస్తున్నారని వారం నుంచీ చెబుతోంది. గోడకు చెప్పినట్టే అయింది.

"కుదరదండీ, మీరు తీసుకెళ్ళండి."

"నాకు ఆఫీసు లేదూ?"

"పోన్లేరా, అంత పెద్ద ఉద్యోగం ముందు నా కళ్ళెంత!" లోపల్నుంచి అత్తగారు.

బస్సులో సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయింది. తనకు లేదా ఆఫీసు? మనుషుల కళ్ళకు హాని చేయని కాంతి కోసం ఇన్నేళ్ళు కళ్ళు పోయేలా పనిచేసిన తనకు, ఇంట్లోవాళ్ళ కళ్ళు పట్టవట! ఆ మాట అక్కడే అనాల్సింది. ఎప్పుడూ ఇంతే, అనాల్సిన మాట బస్సెక్కాకే నోటికొస్తుంది.

ల్యాబ్‌లో పెద్దసారు ముఖం మాడిపోయి ఉంది. ఆమె లేజర్ బిగించిన, దూరం కొలిచే పరికరం మీట ఒక్కసారి నొక్కితే ఎదుటి గోడకు రెండు దూరాలు చూపిస్తోంది. ఒక్క బలమైన మెరుపు రావాల్సిన చోట రెండు నీరసపు మెరుపులు. కారణం ఆమెకు తెలుసు. లోపలున్న నీలం స్ఫటికం మొదట కాంతిని మింగుతూ ఆపుతుంది. ఇక మింగలేనంత అయ్యాక ఒక్కసారిగా దారి వదులుతుంది. పలచటిదైతే తొందరపడి వదిలేస్తుంది, వెనకాలే రెండో మెరుపు పుడుతుంది. మందంగా ఉన్నది పెడదామని ఆమె ఎప్పుడో అంది. "ఇంకాస్త వేద్దామనడానికి ఇది కూరలో ఉప్పు కాదమ్మా!" అన్నారు సారు. గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. తన ఆ నవ్వే ఇన్నాళ్ళూ గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది.

ఇవాళ ఎవరినీ అడగలేదు. మందపాటి స్ఫటికం బిగించి, అద్దాలు సరిచేసి, మీట నొక్కింది. తెరమీద ఒకే ఒక్క నిటారు గీత, ఒకే మెరుపు. పెద్దసారు ఊపిరి పీల్చుకుని టై సరిచేసుకున్నారు.

కొనేవాళ్ళు వచ్చారు, చూశారు. వాళ్ళలో ఒకాయన, "ఇలాంటివాటిలో రెండో మెరుపు పుడుతుంటుంది, దాన్ని ఎలా ఆపారు?" అని అడిగాడు.

"అంటే... మేం చాలా లెక్కలు కట్టి..." సారు తడబడి ఆమె వైపు తిరిగారు. "అమ్మా, వీళ్ళకు కాఫీలు చెప్పు."

అలవాటుగా కాలు గుమ్మం వైపు కదిలింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరిగి వచ్చి, ఆ అడిగినాయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కాఫీలు మీరు చెప్పండి సార్. ఇది నేను చెప్తాను."