దాని పాటికి అదే

మా ఆయన కాలేజీకి వెళ్ళగానే నేను చేసే మొదటి పని ఆయన చేపల తొట్టికి పట్టిన పాచి గీకడం. వారానికోసారి పైపుతో సగం నీళ్ళు లాగేసి, డ్రమ్ములో తేర్చి ఉంచిన నీళ్ళు పోసి, కుళ్ళిన ఆకులు ఏరి, చచ్చిన నత్తల్ని కాగితంలో చుట్టి పారేసి నేల తుడిచేస్తాను. సాయంత్రం ఆయన వచ్చేసరికి ఆనవాలు కూడా మిగలదు.

ఇంటికి ఎవరొచ్చినా ఆయన తొట్టి దగ్గర నిలబెట్టి పాఠం చెబుతారు. వెలుగును మొక్క తింటుంది, మొక్కను నత్తా చేపా తింటాయి, వాటి మలం మట్టిలో పురుగూ పుట్రా తిని మళ్ళీ మొక్కకే ఎరువు చేస్తాయి. పోషకాలు అలా తిరుగుతూనే ఉంటాయట. శక్తి మాత్రం ఖర్చయితే వెనక్కి రాదు, దాన్ని రోజూ సూర్యుడే పోస్తాడట. "ఎవరూ వేలు పెట్టక్కర్లేదు. దాని పాటికి అదే నడుస్తుంది" అని ముగిస్తారు. ఆ గదిలో ఎండ పడాలంటే కిటికీ తెర తియ్యాలి. తెర తీసేది సూర్యుడు కాదు.

మొదటిసారి నీళ్ళు కంపు కొట్టినప్పుడు మా అత్తగారే అన్నారు, అబ్బాయి చూస్తే చిన్నబుచ్చుకుంటాడు, వాడికి తెలియకుండా మార్చెయ్యమని. కొత్త కాపురం, నాకూ ముచ్చటగానే తోచింది. ఆ ముచ్చట తీరి చాలా ఏళ్ళయింది, చాకిరీ మాత్రం మిగిలింది.

పెళ్ళికి ముందు నేను ప్రూఫులు దిద్దిన ప్రెస్సు నుంచి మొన్న మళ్ళీ రమ్మని కబురొచ్చింది. ఎంత సంబరపడ్డానో. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "ఇల్లెవరు చూస్తారు?" అన్నారు. ఆ సాయంత్రమే ఎవరో మీ ఆవిడ ఏం చేస్తారని అడిగితే, "ఏం చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది, హాయి" అని నవ్వారు. నేను లేకపోతే కూలిపోయే ఇంట్లో నేను ఏమీ చెయ్యని మనిషిని. టీ కప్పులు తీస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాటి నుంచి తొట్టిలో చెయ్యి పెట్టలేదు, తెరా తియ్యలేదు. నీళ్ళు మడ్డిగా మారాయి, మొక్కలు మెత్తబడి కుళ్ళాయి. చూపించడానికి ఎవరూ రాకపోతే ఆయన ఆ తొట్టి వైపే చూడరు. చేపల మీద నాకేం కోపం లేదు. అటు వెళ్ళినప్పుడల్లా చెయ్యి లాగేది, కొంగులో చుట్టుకుని వచ్చేసేదాన్ని. ప్రెస్సుకు మాత్రం వస్తానని చెప్పేశాను.

ఈ పొద్దున ఆయనతో కలిసి కాలేజీకి వెళ్దామని తోటి లెక్చరర్లు ఇద్దరు వచ్చి తొట్టి చూస్తామన్నారు. చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఆయన మొహం పాలిపోయింది.

"దీన్ని ఏం చేశావ్?"

"ఏమీ చెయ్యలేదండీ."

వెనకనుంచి అత్తగారు నోరు జారారు. "అదేంటమ్మాయ్, ఈ వారం నీళ్ళు మార్చలేదా?"

"నీళ్ళు మార్చడమేంటి?" అన్నారాయన. వచ్చినవాళ్ళు గుమ్మంలోంచి వీధి చూస్తున్నారు.

బకెట్టూ పైపూ తెచ్చి ఆయన చేతికిచ్చాను. తేరిన నీళ్ళు డ్రమ్ములో ఉన్నాయనీ, ఇప్పుడే మొదలుపెడితే చేపలు బతుకుతాయనీ చెప్పి చెప్పులు వేసుకున్నాను. ఎక్కడికన్నారు. ప్రెస్సుకన్నాను.

"మరి ఇల్లు?"

"దాని పాటికి అదే నడుస్తుంది కదండీ" అని గేటు తీశాను.