గంటకి పదిహేడు వందల పాతిక

మా మామగారు ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపారు. ఎవరినీ గుద్దలేదు. ఇంకొకరు నడిపే బండిలో ఏనాడూ కుదురుగా కూర్చోనూ లేదు. ట్యాక్సీ వెనక సీట్లో కూడా వట్టి నేలమీద బ్రేకు తొక్కుతూనే ఉంటారు.

అలాంటి మనిషికి విమానం ఎక్కాల్సిన పని పడింది. దూరదేశంలో ఉండే ఆయన అక్కగారికి ఉన్న ఒక్క మంచి కంటికీ ఆపరేషను జరిగింది. “శుక్రవారం కట్టు విప్పగానే మొదట మా తమ్ముడి మొహమే చూస్తాను, వాడొస్తేనే విప్పండి” అని ఆవిడ డాక్టరుతో పేచీ పెట్టుకుని కూర్చున్నారు. బుధవారానికి ఆయనకీ, తోడుగా మా ఆయనకీ టిక్కెట్లు కొన్నాం.

“ఎంతసేపమ్మా ప్రయాణం?” అన్నారు మామగారు.

తొమ్మిది గంటలు. ఆ మాట చెబితే గుమ్మం దాటరని నా భయం. టిక్కెట్టులో ఎక్కేది ఉదయం తొమ్మిదికి, దిగేది మధ్యాహ్నం ఒంటిగంటకి అని ఉంది. అక్కడి గడియారం మనకన్నా అయిదు గంటలు వెనక. ఆ సంగతి టిక్కెట్టే చెప్పనప్పుడు నేనెందుకు చెప్పాలి?

“తొమ్మిదికి ఎక్కితే ఒంటిగంటకి దిగిపోతారు మామయ్యా.”

“దూరం?”

“ఆరువేల తొమ్మిది వందల కిలోమీటర్లు.”

ఇదొక్కటీ నిజం చెప్పాను. అదే కొంప ముంచింది. ఆయన పేపరు అంచున లెక్క వేసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

“గంటకి పదిహేడు వందల పాతిక. వీడికి లైసెన్సు ఎవడిచ్చాడు?”

“పైన ఏం అడ్డొస్తాయి మామయ్యా?”

“అందరూ అలానే అనుకుంటారు. టీకి ఎక్కడ ఆపుతాడు?”

“ఆపడు.”

“చూశావా? టైర్లు కూడా చూసుకోడన్నమాట. అక్కకి ఫోటో పంపిద్దాంలే.”

టిక్కెట్టు మడిచి నా చేతిలో పెట్టేశారు. మా ఆయన బతిమాలారు, అక్కగారు ఫోనులో ఏడ్చారు. ఆయన మాత్రం మంగళవారం సాయంత్రం దాకా బిగదీసుకునే ఉన్నారు. ఇక లాభం లేదని కాఫీ అందిస్తూ ఒప్పేసుకున్నాను.

“నాలుగు కాదు మామయ్యా, తొమ్మిది గంటలు. అక్కడి టైము వేరు. భయపడతారని దాచాను.”

తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. ఆయన మళ్లీ పెన్ను తీశారు. లెక్క తేలేసరికి మొహం విచ్చుకుంది.

“ఏడు వందల అరవై చిల్లర. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా అమ్మాయ్. నిదానస్తుడే పాపం. పెట్టె సర్దు.”

తొమ్మిది గంటలు కూర్చోవడం ఆయనకొక లెక్కే కాదు. అన్నేళ్లూ కూర్చునే కదా ఉద్యోగం చేశారు.

శుక్రవారం మా ఆయన ఫోను చేశారు. విమానం ఇరవై నిమిషాలు ముందే దిగిందట. మామగారు తలుపు దగ్గర పైలటుని నిలబెట్టి, ఆ ఇరవై నిమిషాలూ ఎక్కడ స్పీడుగా తోలి మిగిల్చావని అడిగారట. అప్పుడు ముడిపడ్డ కనుబొమలు రెండు రోజులైనా విడలేదట. ఆ మొహంతోనే వెళ్లి అక్కగారి మంచం ముందు నిలబడ్డారట.

కట్టు విప్పారు. ఆవిడ కన్ను చికిలించి, తమ్ముణ్ణి కిందికీ పైకీ చూశారట.

“బాగానే కనిపిస్తోంది డాక్టరుగారూ,” అన్నారట. “మా వాణ్ణి దారిలో ఎవడో ఓవర్‌టేక్ చేశాడు.”