మోకాలి వెనక సన్నటి పోగు

పాత ఎమ్మారై యంత్రాన్ని ఆ వారం విప్పి తీసుకుపోతారు. దానిలో మిగిలిన స్కాన్లలో పనికొచ్చేవి విద్యార్థుల పాఠాలకు దాచి, తక్కినవి చెరిపేయాలి. ఆ పని కొత్తగా చేరిన డాక్టరమ్మకూ, పన్నెండేళ్లుగా యంత్రాన్ని నడిపిన టెక్నీషియన్‌కూ పడింది. ఒక్క స్కాన్ కోసం ఆయన పొద్దున్నుంచీ ఒళ్లంతా కళ్లు చేసుకుని కూర్చున్నాడు. ఉంచమని అడగడానికి మాత్రం నోరు పెగల్లేదు.

మధ్యాహ్నానికి అది తెర మీదికొచ్చింది.

"అయ్యో బాబాయ్ గారూ, ఈవిడ మెనిస్కస్ వెనక చిరిగిపోయింది! ఆపరేషన్ చేశారో లేదో. ఫోన్ నంబరుందా? పిలిపిద్దాం."

మెనిస్కస్ అంటే మోకాలి ఎముకల నడుమ ఉండే మెత్తటి దిండు.

"చిరగలేదమ్మా," అన్నాడాయన మెల్లగా. "పక్క బొమ్మలు వరసగా జరపండి. ఆ గీత అక్కడితో ఆగదు. ఏటవాలుగా తొడ ఎముక దాకా పోతుంది. అదో సన్నటి లిగమెంటు, దిండును ఎముకకు కట్టి ఉంచే పోగు. కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. దిండును అంటుకున్న చోట చిరుగులా కనిపించి మోసం చేస్తుంది."

ఆమె జరిపి చూసి నాలిక కరుచుకుంది. "పప్పులో కాలేశాను. లేని జబ్బు అంటగట్టేదాన్ని!"

"అప్పటి పెద్ద డాక్టరుగారూ ఇలాగే కంగారుపెట్టారు. రెండ్రోజులు మా ఆవిడ మెట్లెక్కితే ఒట్టు."

"పిన్నిగారా!"

"యంత్రం బిగించిన కొత్తలో పరీక్షకు మనిషి కావాలంటే మా ఇళ్లలోవాళ్లనే పడుకోబెట్టేవాళ్లం."

"అయితే కొత్తదానికీ ఆవిడనే..." ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"పోయి నాలుగేళ్లమ్మా."

డాక్టరమ్మ స్కాన్‌ను పాఠాల్లోకి చేర్చింది. "పేరు తీసేయాలి బాబాయ్ గారూ, తప్పదు," అంది.

"నేను తీస్తాను."

చివరి అక్షరం నుంచి ఒక్కొక్కటే చెరిపాడు. స్త్రీ, నలభై ఒకటి అన్నవే మిగిలాయి.

"ఈ ఆఖరి వరుసంతా మసకే. కదిలారు. దీన్ని తీసేస్తాను," అని ఆమె మీట మీద వేలు పెట్టింది.

"అది ఉంచండమ్మా!"

ఆయన గొంతుకు ఆయనే ఉలిక్కిపడ్డాడు. "అప్పుడు మా ఆవిడ నవ్వింది. లోపల యంత్రం దడదడకి ఎవరో ఇల్లు పడగొడుతున్నట్టుందంది. మీ పుట్టింటివాళ్లు వచ్చారేమోనన్నాను మైకులో. కదలొద్దని చెప్పాల్సినవాణ్ణి, నేనే నవ్వించాను."

ఆమె వేలు తీసేసింది. "మనిషి కదిలితే బొమ్మ ఎలా చెడుతుందో పిల్లలకు చూపించాలిగా. ఉండనిద్దాం."

ఆయన తలూపాడు. ఆ మసకలో ఎముకేదో లిగమెంటేదో ఆనవాలు దొరకడం లేదు. ఆయన మాత్రం కుర్చీని తెరకు ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.