నల్లబరచిన పళ్ళు

యుద్ధం చేసేది మేమే అని మగవాళ్ళు మీసాలు దువ్వుకుంటారు గానీ, వాళ్ళు నరుక్కొచ్చిన తలలను కడిగి, దువ్వి, ఏలికవారి ముందు పెట్టేటట్టు సింగారించేది మేము. కుమాషిరో కోటలో ఇరవయ్యేళ్ళు ఆ పని చేశాను. మొదట్లో అన్నం సయించేది కాదు. తర్వాత ఆ తలల పక్కనే కూర్చుని ముల్లంగి ఊరగాయ నంజుకుంటూ గంజి తాగేదాన్ని.

కడగడం, పళ్ళ పని నాది. జుట్టు పని మా పక్కింటి ఓరికిది. ఓరికికి మొగుడు పోయాడు, ఒక్కడే కొడుకు, మోహెయి. నాకూ ఒక్కడే, జిన్‌రోకు. ఇద్దరూ ఒకే బురదలో పొర్లి పెరిగారు, ఒకే దళంలో ఈటెలు పట్టుకుని నడిచారు.

పళ్ళ పని అంటే చెప్పాలి. గొప్పింటి యోధులు పళ్ళకు నలుపు పెట్టుకుంటారు. తెల్లపళ్ళ తల తెస్తే అది ఎవరో కాలిబంటుదని గోతిలో పారేస్తారు, తెచ్చినవాడికి శభాష్ అన్నమాట కూడా దక్కదు. నల్లపళ్ళ తల తెచ్చినవాడి దశ తిరిగిపోతుంది. అందుకని తెల్లపళ్ళ తల తెచ్చినవాళ్ళు మా దగ్గర చేరి, "అక్కా, దీనికి కాస్త నలుపు పట్టించవా, నీ పేరు చెప్పుకుంటాను" అని బతిమాలేవాళ్ళు. ఇనప మేకులు నానేసిన పులిసిన నీళ్ళు, మాచికాయ పొడి, ఒక కుంచె. పట్టించేదాన్ని. చచ్చినవాడికి పోయేదేముంది అనుకునేదాన్ని. నా బుద్ధి తగలెయ్య!

ఆ రోజు ఏటి ఒడ్డున యుద్ధం. మధ్యాహ్నానికే గాయపడినవాళ్ళు రావడం మొదలైంది. వచ్చిన ప్రతివాణ్ణీ ఓరికి పట్టుకుని అడుగుతోంది, "మా మోహెయి కనిపించాడా బాబూ?" అని. చూశామన్నవాడు లేడు.

అంతలో జిన్‌రోకు వచ్చాడు. ఒంటినిండా బురద. నా గుండె కుదుటపడింది. గుడ్డలో చుట్టిన తల నా ఒళ్ళో పెట్టి, చెవి దగ్గరికి వంగాడు.

"అమ్మా, దీనికి పళ్ళు నల్లగా చెయ్యి. నువ్వే చెయ్యి, ఎవరికీ ఇవ్వకు."

"ఓరి నాయనా, అడగడానికి నీకూ సిగ్గులేదూ!" అని నవ్వుతూనే మొహం మీద బురద కడిగాను.

మోహెయి.

మొన్న ఉదయం మా ఇంట్లో గంజి తాగి వెళ్ళిన మోహెయి. గబుక్కున గుడ్డ మళ్ళీ కప్పేశాను.

"నేను చంపలేదమ్మా," అన్నాడు వాడు, పంటి బిగువున. "చచ్చి పడున్నాడు. నాకు ఒక్క తలా దొరకలేదు. పిరికివాణ్ణని దళమంతా మూడేళ్ళుగా నవ్వుతున్నారు. ఎలాగూ పోయాడు కదా అని..."

"ఛీ, నోర్ముయ్! నువ్వు నా కడుపున ఎలా పుట్టావురా?"

కానీ ఎంత తిట్టినా వాడు నా కొడుకు. సొంత పక్షంవాడి తల కోసినవాణ్ణి కోట గుమ్మం ముందు కొయ్యకు కట్టి పొడిచి చంపుతారు. రెండుసార్లు కళ్ళారా చూశాను. ఆ కొయ్య మీద జిన్‌రోకును ఊహించుకున్నాను, నా చేతులు వాటంతటవే కుంచె అందుకున్నాయి. పళ్ళకు నలుపు పట్టించాను. గొప్పింటివాళ్ళ తీరున కనుబొమలు గొరిగాను. ముఖానికి తెల్లపొడి దట్టంగా అద్దాను. చిన్నప్పటి మోహెయి ఎక్కడా కనిపించకుండా చేశాను. పని తెలిసినదాన్ని కదా, బాగానే కుదిరింది.

జుట్టు మటుకు నా పని కాదు. వరసలో తల ఓరికి చేతికి వెళ్ళింది. జిన్‌రోకు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కదల్లేదు.

"ఎవరో పెద్ద సేనానిలా ఉన్నాడే," అంటూ ఓరికి దువ్వెన పెట్టింది. చెవి వెనకదాకా దువ్వి ఆగింది. పాకే వయసులో మోహెయి పొయ్యి మీది కుండ లాక్కుంటే కాలిన మచ్చ అక్కడ ఉంటుంది. అది నాకూ తెలుసు. ఆ హడావిడిలో ఆ సంగతే మరిచాను.

ఓరికి వేలితో ఆ మచ్చ తడిమింది. నా వైపు చూసింది. తర్వాత జిన్‌రోకు వైపు చూసింది. ఆమె ఒక్క కేక వేస్తే నా కొడుకు ఉండడు.

అప్పుడే తలలు తీసుకెళ్ళే బౌద్ధ భిక్షువు లోపలికి వచ్చాడు. "సిద్ధం చేసినవి ఏవమ్మా?"

"అయ్యా," అంది ఓరికి, "తలలన్నిటికీ మంత్రం చదువుతారా?"

"అన్నిటికీ ఎక్కడ కుదురుతుంది తల్లీ! పెద్దవాళ్ళకు చదివి, పెట్టెలో పెట్టి సాగనంపుతాం. మిగతావి గోతికే."

ఓరికి తల వంచుకుని చాలాసేపు దువ్వింది. ధూపం పట్టింది, సిగ ముడిచింది. రెండు చేతులతో తలను ఆయనకు అందించింది.

"అయితే ఈయనకు చదవండి. పెద్దింటి బిడ్డ. తల్లి ఎంత గారాబంగా పెంచుకుందో."

ఆయన వెళ్ళాక నేను ఆమె కాళ్ళ మీద పడ్డాను. "వదినా, వాడు చంపలేదట, అప్పటికే..."

"లే వదినా," అంది. గొంతులో తడి లేదు. "నీ కొడుకును రేపటి నుంచి పొద్దున్నే నా ఇంటికి పంపు. నాకు నీళ్ళు మోసేవాడు లేడు."

జిన్‌రోకుకు కొత్త ఈటె ఇచ్చారు, మాలాంటివాళ్ళకు ఉండని ఇంటిపేరు ఇచ్చారు. పొద్దున్నే మటుకు రెండు కడవలు పట్టుకుని ఓరికి ఇంటికి వెళ్ళేవాడు. "రా బాబూ," అనేదట. తిట్టదు, ఏడవదు, ఏమీ అడగదు. నీళ్ళు పోశాక మోహెయి గిన్నెలో గంజి పోసి, ఎదురుగా కూర్చుని వాడు తాగేదాకా చూసేదట. వాడు చిక్కిపోయాడు. ఇక పంపనని ఆమెతో చెప్పే ధైర్యం నాకెక్కడిది?

పన్నెండో రోజు పొద్దున ఒట్టి కడవలతో తిరిగొచ్చి గడప మీద కూలబడ్డాడు.

"ఇంక నా వల్ల కాదమ్మా. మోహెయి అప్పటికి చావలేదు. నన్ను గుర్తుపట్టాడు. జిన్‌రోకూ, కాసిని నీళ్ళు పొయ్యరా అన్నాడు."

కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. గడప దగ్గర పడున్న కడవలు తీసి వాడి చేతుల్లో పెట్టాను.

"లే. అత్త ఎదురుచూస్తుంటుంది. నీళ్ళు పోసి రా."