చెయ్యి పడని బేరం

పెనం మీద రొట్టె పొంగి అణగగానే ఒదీలియా మోంతాన్యో దాన్ని వేలికొసలతో లాగి గుడ్డలో చుట్టింది. ఎడమ చెయ్యి ఈ మధ్య మాట వినడం లేదు. ఆ చేత్తో పిండిని ఊరికే అదిమిపట్టి, కుడిచేత్తో సాగదీయడం అలవాటు చేసుకుంది. పొట్టిగా, వెడల్పుగా ఉండే మనిషి. ముంజేతుల నిండా పెనం కాల్చిన పాత మచ్చలు. గనుల ఊరు పలోమాస్‌లో ఆమెను పనిగట్టుకుని చూసినవాళ్ళు లేరు, ఆమె కొట్టుకు పోనివాళ్ళూ లేరు.

వెల్డా లోపలికొచ్చి ఓక్ గింజల సంచి బల్ల మీద పెట్టింది. ఏమీ అనకుండా వీధిలోని ఎండను చూస్తూ నిలబడింది. వెల్డా ఆ కొండల ఆదివాసులైన అపాచీల ఆడపడుచు. ఆమె కూతురికి జ్ఞానస్నానం నాడు ఒదీలియాయే తల్లివరస అయింది కాబట్టి ఇద్దరూ ఒకరికొకరు కొమాద్రెలు.

ఒదీలియా సంచి పక్కన గోధుమపిండి పెట్టింది. కాఫీ పొట్లం పెట్టింది. వెల్డా కదలలేదు. పలోమాస్‌లో పాత ట్రక్కయినా మేకపిల్లయినా బేరం ఇలాగే సాగుతుంది. ఎవరూ ధర ఎత్తరు. సరిపోయిందనుకుంటే ఎదుటివాళ్ళు పెట్టింది చేతిలోకి తీసుకుంటారు. చాలదనుకుంటే ముట్టరు. వద్దని కూడా అనరు, ఎందుకంటే వద్దంటే బేరం అక్కడితో చచ్చిపోతుంది.

"నీ చేతికి వచ్చింది తిమ్మిరా, పిసినారితనమా?" అంది వెల్డా, ఎండ మీంచి చూపు తిప్పకుండానే.

"రెండూ ఉన్నాయి. పుట్టుకతో వచ్చింది మాత్రం ఒకటే," అంటూ ఒదీలియా చక్కెర కూడా పెట్టింది.

వెల్డా నవ్వి మూటెత్తుకుంది. "మధ్యాహ్నం మీ కంపెనీ సభకి వస్తున్నావా?"

"మా కంపెనీ ఎప్పుడయిందే?"

"గని తెరవాలని నువ్వేగా ఊరంతా చెప్పావు."

"తెరవాలి మరి. గనివాళ్ళ ఆకలితోనే నా కొట్టు నడుస్తుంది. ఓక్ చెట్లూ ఉండాలి. గని రాళ్ళ కింద వాటిని పూడ్చేస్తే వచ్చే వేసవి ఈ బల్ల మీద ఏం పెడతావు?"

"మా అమ్మ బుట్ట పెడతా. ఖాళీది."

ఒదీలియా పెనం మీద ఇంకో రొట్టె వేసింది. గని ఆమె మొగుడికి జీతమిచ్చింది, ఊపిరితిత్తులు తీసుకుంది. ఆ బేరం ఆమెను అడిగి జరగలేదు. గని మూతపడ్డ ఏడాది ఓక్ చెట్లు మూతపడలేదు. వెల్డా తెచ్చిన గింజల్నే బాట పక్కన అమ్మి, ఆ శీతాకాలం ఇల్లు గట్టెక్కించింది. ఊళ్ళో చాలా ఇళ్ళు అలాగే గట్టెక్కాయి.

బడి హాలు నిండిపోయింది. కంపెనీ మనిషి హొలిస్ ఏసీ చలిలోనూ చెమట తుడుచుకుంటూ చెప్పాడు. కొండ కింద రాగి ఉంది. పైన నేల సర్కారుది. కంపెనీ ఏటి ఒడ్డు పొలాలు సర్కారుకిస్తుంది, సర్కారు కొండనిస్తుంది. ఆ మార్పిడికి వాషింగ్టన్‌లో చట్టం కావాలి, ఊరు మద్దతుగా ఉందని అక్కడివాళ్ళు నమ్మాలి. గోడ మీది పటంలో కొండ పక్కనున్న ఓక్ చెట్ల చదును కూడా మార్పిడి గీతలోపలే ఉంది. గనిలోంచి తీసిన పనికిరాని రాళ్ళు పోసేది అక్కడే.

"ఊరికి ఉద్యోగాలు. ఇన్నాళ్ళూ సర్కారు నేల మీదున్న మీ శ్మశానం ఇక మీదే," అని మద్దతు పత్రాలు, కలాలు బల్ల మీద పరిచాడు.

ఎవరూ లేవలేదు. ఎవరూ వద్దనలేదు.

"అభ్యంతరం ఎవరికీ లేనట్టే కదా. సంతోషం," అన్నాడు హొలిస్, పత్రాలు సర్దుతూ.

వెనక వరసలో ముసలి గనివాడు ఎలీసెయో గట్టిగా నవ్వాడు. "పెళ్ళికూతురు ఇంకా గుమ్మం దాటలేదు బాబూ, నువ్వప్పుడే విందు భోజనం వడ్డిస్తున్నావు."

హొలిస్ బడికి కొత్త పైకప్పు కలిపాడు. జనం కిటికీల వైపు చూశారు. శ్మశానానికి నీటి గొట్టం కలిపాడు. ఎవరో దగ్గారు.

"దోన్యా ఒదీలియా," అని గౌరవంగా పిలిచాడు హొలిస్. "మీరంటే అందరికీ గురి. ఏం కావాలో చెప్పండి."

"ఇక్కడ అడగడం అలవాటు లేదు నాయనా. నువ్వు పెట్టు, మేం చూస్తాం."

వెల్డా లేచి వెళ్ళి పటం పక్కన నిలబడింది. దాన్ని వేలితో చూపలేదు, చెట్లున్న చోటు వైపు చూస్తూ నిలబడిందంతే. హొలిస్ ఆమెను చూశాడు, పటాన్ని చూశాడు. హాలంతా అటే చూస్తోందని అప్పుడు గమనించాడు. ఫోను పట్టుకుని బయటికి పోయాడు. అద్దం అవతల చేతులు ఊపుతూ చాలాసేపు వాదించాడు.

తిరిగొచ్చి ఎర్ర సిరాతో కొత్త గీత గీశాడు. ఓక్ చదును మొత్తం గీత బయట పడింది. "రాళ్ళు పాత గుంతలో పోస్తాం. దూరం, ఖర్చు. చట్టం ముసాయిదాలో ఇలాగే రాసి పంపుతాం," అని గీత పక్కనే సంతకం చేసి, వెనక్కి జరిగి నిలబడ్డాడు.

ఒదీలియా వెల్డా మొహం చూసింది. ఆ తరువాత కుర్చీ పట్టుకుని లేచి, వరసల మధ్య నుంచి నిదానంగా నడిచి, బల్ల మీది కలం చేతిలోకి తీసుకుంది.

హాలు పేలినట్టయింది. గనివాళ్ళు బూట్లతో నేలను తన్నారు. అపాచీ ఆడవాళ్ళ కేక కప్పు తాకింది. సంతకాల వరస గుమ్మం దాటి వీధిలోకి పోయింది. హొలిస్ కూడా నవ్వుతున్నాడు. తను ఓడాడో గెలిచాడో అతనికి తెలియలేదు, కాని పత్రాలు చాలక మళ్ళీ తెప్పించాల్సి వచ్చింది.

కొమాద్రెలిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని కొట్టుకు నడిచారు. ఒదీలియా గడప మీద కూర్చుని పొద్దుటి సంచి విప్పింది. ఒక గింజ పళ్ళతో చిట్లించి నమిలింది.

"ఈ ఏడు తియ్యగా ఉన్నాయే."

"చక్కెర పెట్టావుగా," అంది వెల్డా. కాఫీ కాచడానికి లోపలికి వెళ్ళింది. గిన్నెలతో తిరిగొచ్చేసరికి ఒదీలియా గోడకు ఆనుకుని, ఓక్ చదును వైపు మొహం పెట్టి, నోట్లో గింజ ఇంకా ఉండగానే కన్నుమూసి ఉంది. వెల్డా పక్కనే కూర్చుంది. ముందు తన కాఫీ తాగింది, ఆ తరువాతే జనాన్ని పిలిచింది.

చట్టం ఎర్ర గీత ప్రకారమే వచ్చింది. గని తెరుచుకుంది. వేసవిలో ఓక్ చదును మీద గింజలు రాలాయి.

సభ జరిగిన ఆ సాయంత్రం బడి ఊడ్చే మనిషి కుర్చీలన్నీ మడిచి గోడకు చేర్చాడు, ఒక్కటి తప్ప. దాని వీపు మీద, హాలు చలికి ఒదీలియా తెచ్చుకున్న బూడిదరంగు స్వెటర్, ఒక చెయ్యి నేలకు వేలాడుతూ.