మూడో మెట్టు పాట ఎవరిది

ముందే చెప్తున్నాను, నా రాతలో తప్పులుంటాయి. ఒక అక్షరానికి పెట్టాల్సిన ఒత్తు పక్కదానికి పెడతాను. రాయడమూ నిదానమే, ఈ పేజీ రాసేలోపల పొయ్యి మీద పప్పు ఒకసారి మాడింది. తప్పులకు మన్నించండి. కోపం మాత్రం తప్పు కాదు, అది కావాలనే రాస్తున్నాను.

మా ఇంటాయన మేస్త్రీ. గుడియాత్తంలో మిద్దెలు కట్టేవాడు. కాంక్రీటు పోసే రోజు ఆడవాళ్ళం కట్టెల మెట్ల మీద మెట్టుకొకరం నిలబడి, తట్టలు ఒకరి చేతినుంచి ఒకరు అందుకునేవాళ్ళం. అప్పటికి మాకు పెండ్లి కాలేదు. నాది మూడో మెట్టు. బరువుకు నేను ముఖం ముడుచుకుంటే, పైనుంచి చూసి ఆయన పాట కట్టినాడు.

అందుకో తట్ట, తడి ఆరక ముందే
మూడో మెట్టు మీద పిల్ల మూతి ముడిచిందే
ఎండంతా మనదే, నీడంతా వాళ్ళదే

అందరూ నా వైపు చూసి నవ్వినారు. నేను తట్ట కింద పడేసినాను. ఆరు నెలలకు ఆయన్నే చేసుకున్నాను.

ఆయన పోయినాక నేను బాగాయంలో కొడుకు కాశి ఇంటికి వచ్చేసినాను. ఇక్కడ చర్చి వెనక సెల్లమ్మ అని ఒకామె సాయంత్రాలు తెలుగు అక్షరాలు నేర్పిస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడతాం గాని, ఈ తమిళనాడులో తెలుగు చదవడం మాలో ఎవరికి వచ్చు? పలక మీద దిద్దుతూ నేను ఆ పాట గొణుక్కుంటుంటే, సెల్లమ్మ కూతురు జెసింత విన్నది. ఆ పిల్ల తనే పాటలు రాసి, గిటారు వాయించుకుని, తనే రికార్డు చేసి ఫోన్లలోకి వదులుతుంది. కాట్పాడిలో రైలు పట్టాల పక్కన గది. కిటికీలకు దుప్పట్లు కట్టింది. అయినా బండి పోయేదాకా నోరు మూసుకుని కూర్చోవాల్సిందే.

నాచేత పాడించుకుని, "ఎవరు కట్టిన పాటమ్మా ఇది?" అని అడిగింది.

"మా కాశి వాళ్ళ నాయన," అన్నాను. ఇంకెట్లా చెప్తాను? మొగుడి పేరు మాలో ఆడవాళ్ళు పలకరు. అప్పుడే ఒక బండి పోతా ఉండింది, ఆ పిల్ల తల ఊపి ఏదో రాసుకున్నది.

పాట బయటికొచ్చింది. బాగుంది, అబద్ధం చెప్పను. కాట్పాడి కాలేజీ పిల్లలు బస్సులో పాడుకుంటా పోతుంటే విన్నాను. ఆ మధ్యే నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. ఫోన్లో పాట కింద ఉన్నది వేలు పెట్టి చదివినాను. పాట కట్టినది: కాశి.

కాశి అప్పటికి పుట్టనే లేదు. తల్లి మూతి మీద కొడుకు పాట కట్టినాడని చదివినోళ్ళు ఏమనుకుంటారు?

జెసింతకు ఫోన్ చేసినాను. "మార్చేస్తానమ్మా, ఆయన పేరు చెప్పు," అనింది. నేను ఫోన్ తెచ్చి కోడలు మహాలక్ష్మికి ఇచ్చినాను.

"నువ్వు చెప్పే."

"నేనా? మీరే చెప్పకపోతిరి, మామ పేరు నేనెట్ల చెప్పేదత్తా?"

"రీళ్ళలో ఎగిరేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా?"

"రీళ్ళలో మామ పేరు పెట్టి ఎగరలేదు కదత్తా," అని ఫోన్ నా చేతిలోనే పెట్టేసింది.

కాశి హోసూరులో కట్టడం పనిలో ఉన్నాడు. వాళ్ళ నాయన పేరుండే కార్డులన్నీ వాడి దగ్గరే. వాడికి చేస్తే నవ్వినాడు.

"సైటులో అందరూ నన్ను కవీ కవీ అంటాండారమ్మా. ఉండనీ. నా పేరుంటే నాయన పేరున్నట్టే కదా."

"మీ నాయన రోడ్డు మీద పాడితే సిగ్గయి పది అడుగులు ముందు నడిచి పోయినోడివిరా నువ్వు."

"అది చిన్నప్పుడమ్మా."

"ఆ పిల్లకు ఫోన్ చేసి పేరు చెప్పరా నాయనా."

"సెరి, సెరి, చెప్తా."

చెప్పలేదు. మళ్ళీ అడిగితే కాంక్రీటు పోస్తాండామన్నాడు. వారమంతా ఎవరైనా కాంక్రీటు పోస్తారా?

నిన్న నేనే బస్సెక్కి కాట్పాడి పోయినాను. జెసింత తన పాటలన్నీ ఒకటిగా చేర్చి మళ్ళీ వదలబోతోంది. నన్ను చూసి కుర్చీ వేసి, కాగితం, పెన్ను ముందు పెట్టింది.

"నోటితో వద్దులేమ్మా. రాసేది వచ్చింది కదా, రాయి."

నా పేరు రాసినాను. గుడియాత్తం రాసినాను. ఆయన పేరు మొదటి అక్షరం సగం గీసేసరికి చెయ్యి నిలిచిపోయింది. బండి వచ్చింది, పోయింది. ఆ పిల్ల గిటారు తీగలు బిగించుకుంటా కూర్చున్నది. ఇంకో బండి కూడా పోయింది.

"శుక్రవారం లోపల చెప్పమ్మా," అనింది చివరికి. "లేకపోతే కాశి పేరు తీసేసి జానపదం అని పెట్టేస్తా. ఎవరికీ గొడవ ఉండదు."

జానపదం అంటే ఎవరు కట్టినారో తెలీని పాటంట. తెలీకపోవడమేంది? కట్టినోడితో ముప్పై ఏండ్లు కాపురం చేసినదాన్ని, ఆ పిల్ల ఎదురుగానే కూర్చుని ఉంటిని.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా మీద నాకే ఒళ్ళు మండింది. మొగుడి పేరు పలికితే ఆయుస్సు తగ్గుతుందని మా అత్త చెప్పింది. పలకలేదు. ఆసుపత్రిలో నర్సమ్మ అడిగితే పక్క మంచం ఆయన చేత చెప్పించినాను. ఇంత కాపాడితే ఆయన అరవై నిండకుండానే పోయినాడు. ఇంక తగ్గడానికి ఏముందని ఈ నోరు, ఈ చెయ్యి ఇంకా భయపడతాయి?

అందుకని పొద్దుననుంచి కూర్చుని ఇదంతా రాసినాను. ఇన్ని మాటలు రాసే ఊపులో ఆ ఒక్క మాట కూడా దాటేస్తానేమోనని. జెసింతా, ముందు దీన్ని నీకే పంపుతున్నాను. నీకు కావాల్సింది కింద ఉంది. సరిగా చూసి రాసుకో, మళ్ళీ ఫోన్ చేసి నన్ను చదవమనద్దు.

పాట కట్టినది దేవరాజులు, గుడియాత్తం మేస్త్రీ.

మూతి ముడిచింది ఆయన పెండ్లాం పచ్చయమ్మ, అరవై మూడేండ్లు, ఇప్పుడుండేది వేలూరు బాగాయంలో.